బొమ్మలతోటలో తాడు

తల్బారా ఇంకా అరవై కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబెట్టిన కారు కనిపించింది. థెల్మా పాస్కో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. ఆ ఎడారి నేల మీద ఆగిపోయిన కారును చూసి కూడా దాటిపోయినవాడికి ఊళ్ళో ఎవరూ మళ్ళీ టీ పొయ్యరు. పగవాడి కారైనా సరే, ఆగి "నీళ్ళున్నాయా?" అని అడగాల్సిందే. అదీగాక, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి రేవు పట్నం నుంచి తెల్లవారకముందే బయల్దేరి మూడు వందల కిలోమీటర్లు నడిపిందేమో, నడుం పట్టేసి ఉంది. ఆగడానికి ఏదో ఒక వంక దొరికినందుకు సంతోషించింది కూడా.

ఆవిడ చిన్న ట్రక్కులో, పక్క సీటు మీద ఒక గుండ్రటి రేకు డబ్బా ఉంది. దాన్ని వంటింటి తుండుగుడ్డలో చుట్టి, మనిషికి పెట్టినట్టు సీటు బెల్టు పెట్టింది. గతుకుల్లో ట్రక్కు ఎగిరినప్పుడల్లా ఎడమ చెయ్యి దానంతటదే ఆ డబ్బా మీదికి పోతోంది.

కారు దగ్గర ముప్పై ఏళ్ళు దాటిన ఆదివాసీ కుర్రాడొకడు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"రేడియేటర్ పోయిందమ్మా. నీళ్ళు పోస్తుంటే పోసినవి పోసినట్టే ఇసకలోకి," అన్నాడు. "నా పేరు క్లిఫ్టన్. తల్బారాలో రేపు కళ్ళ డాక్టరు విమానంలో దిగుతున్నాడు. పెద్దమ్మని చూపించాలి. నేను వెనక ఎక్కుతాను, ఆవిణ్ణి ముందు కూచోబెట్టుకుంటావా?"

"దానికి అడగాలా? ఏదీ మీ పెద్దమ్మ?"

కారు నీడలో, చక్రానికి వీపు ఆనించి ఒక ముసలావిడ కూచుని ఉంది. ఒక కాలు ముందుకు చాపి, ఒక కాలు మడిచి, ఒళ్ళో టోపీ పెట్టుకుని. ముఖం చూడకముందే ఆ కూచోవడాన్ని గుర్తుపట్టింది థెల్మా. ఆ కూర్చునే తీరుని ఆవిడ తొమ్మిదేళ్ళపాటు ప్రతి శనివారం వెనకనుంచి, సినిమా మిషను గది కిటికీలోంచి చూసింది. చూడటం మానేసి ముప్పై ఒక్క ఏళ్ళయింది.

"ఎవర్రా?" అంది ముసలావిడ తల ఎత్తి. కళ్ళలో పాలపొర కమ్మింది.

"నేను నోలా, థెల్మాని. బొమ్మలతోట థెల్మాని."

నోలా ఒళ్ళో టోపీ తీసి ముఖం మీది ఈగల్ని తోలుకుంది.

"ఏం దొరసానీ," అంది, "ఇంకా బతికే ఉన్నావా?"

"నువ్వూ ఉన్నావుగా."

"నాకు పని మిగిలుంది. నీకేం మిగిలిందని?"

థెల్మాని అంతకుముందు ఎవరూ దొరసాని అనలేదు. ఆవిడ మొగుడు ఆల్ఫ్ రైలు పట్టాల కూలీ. దొరసానులంటే గొర్రెల మందలున్న ఇళ్ళల్లో ఉండేవాళ్ళు. ఆ సంగతి నోలాకి బాగా తెలుసు, తెలిసే అంది. థెల్మా వెళ్ళి తలుపు తీసింది. సీటు బెల్టు విప్పి, డబ్బాని ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకుని నిలబడింది. వెనక క్లిఫ్టన్ స్పేరు టైరు, నీళ్ళ పీపా, గోనెసంచులు సర్దుకుని కూచున్నాడు. ఎండ మండిపోతోంది. డబ్బాలో ఉన్నది ఫిల్ము, దాన్ని ఎండలో పెట్టే మనిషి కాదు థెల్మా.

"ఇలా తే," అంది నోలా సీట్లో కుదురుకుని. "కేకా? ఒళ్ళో పెట్టుకుంటాలే."

థెల్మా డబ్బాని ఆవిడ ఒళ్ళో పెట్టింది. పెట్టిన చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు.

తల్బారా బొమ్మలతోట కథ చెప్పాలంటే ఆల్ఫ్‌తో మొదలుపెట్టాలి. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆల్ఫ్‌కి ఉన్నట్టుండి సినిమా పిచ్చి పట్టింది. ఊరంతా కలిపి రెండు వందల గడప. ఒక స్టేషను, ఒక సారాకొట్టు, ఖనిజం మోసే రైలు. అందరూ తలో చెయ్యీ వేస్తే స్టేషను పక్క ఖాళీ స్థలంలో చుట్టూ రేకులు పాతి, పైన ఆకాశాన్ని వదిలేసి, పాత గుడ్డ కుర్చీలు వేసి బొమ్మలతోట అన్నారు. పైకప్పు లేని సినిమా హాళ్ళని ఆ దేశంలో అలాగే అంటారు. తోటంటే ఒక్క మొక్క ఉండదు. తెర అంటే సున్నం కొట్టిన రేకు గోడ. ఎర్ర దుమ్ము లేచిన వారం తెర గులాబీరంగుకి తిరిగేది. మంచు దేశపు కథ ఆడుతుంటే మంచంతా సాయంకాలపు మబ్బులా ఉండేది. శనివారం పొద్దున్నే ఆల్ఫ్ నిచ్చెనెక్కి సున్నం కొట్టేవాడు, థెల్మా కింద నిలబడి "అదిగో అక్కడ వదిలేశావ్, హీరోయిన్ ముఖం అక్కడే పడేది" అని కేకలేసేది.

మిషను నడిపేది మాత్రం థెల్మాయే. ఆల్ఫ్ మూడో వారమే ఒక రీలు కాల్చేశాడు. అప్పటినుంచి అతను టిక్కెట్లకీ సున్నానికీ పరిమితం. ఫిల్ము పెట్టెలు గురువారం రైల్లో దిగి, సోమవారం రైల్లో పై ఊరికి పోయేవి. ఒకసారి పెట్టెల మీద అంకెలు చెరిగిపోయి వచ్చాయి. హీరో రెండో రీల్లో చచ్చిపోయి నాలుగో రీల్లో పెళ్ళి చేసుకున్నాడు. జనానికి అదే నచ్చింది, మళ్ళీ వేయమన్నారు. ఎనిమిదిన్నరకి ఖనిజం రైలు వస్తే నాలుగు నిమిషాలు ఒక్క మాట వినబడేది కాదు. అందుకని డ్రైవరు మలుపులోనే రెండు కూతలు కూసేవాడు. బయట కూచున్న ఆల్ఫ్ అది విని, మిషను గది రేకు మీద మూడుసార్లు కొట్టేవాడు. థెల్మా బొమ్మ ఆపేది. జనం లేచి వెళ్ళి మాంసం కూరిన పఫ్‌లు కొనుక్కునేవాళ్ళు. ముద్దు సీను సగంలో మూడు దెబ్బలు పడితే ఆవిడ ఆపేది కాదు. "రైలుదేముంది, రేపు కూడా వస్తుంది," అనేది.

ఇక తాడు సంగతి. తోట నడుమ, అడ్డంగా, మోకాలి ఎత్తున ఒక తాడు ఉండేది. ఓడలకి వాడే తాడు, ఆల్ఫే రేవునుంచి తెచ్చి కట్టాడు. తాడుకి ఇవతల గుడ్డ కుర్చీలు, తెల్లవాళ్ళు. అవతల, తెర కింద నేల మీద దుప్పట్లు పరుచుకుని ఆదివాసులు. వాళ్ళు మూడు మైళ్ళ అవతల బస్తీనుంచి నడిచి వచ్చేవాళ్ళు. పెద్ద గేటులోంచి రానిచ్చేవాళ్ళు కాదు. పక్కన మేకల దొడ్డి వైపు చిన్న గేటుంటే అందులోంచి రావాలి. ఎవరు పెట్టారా నియమం అంటే, ఎవరూ పెట్టలేదనేవాళ్ళు. ఆ చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ అంతే. నా మటుకు నేను చాలా దేశాల్లో చూశాను, తాడు కట్టినవాడి పేరు ఏ ఊరివాళ్ళకీ గుర్తుండదు. ఇక్కడ అది ఆల్ఫ్, మంచివాడే పాపం. అవతలివాళ్ళలో సగం మంది పశువుల కాపరులు, గుర్రం మీద పుట్టి పెరిగినవాళ్ళు. తెర మీద హీరో గుర్రాన్ని రాళ్ళలోకి దూకిస్తే, "ఒరే వెధవా, దాని కాలు విరుగుతుందిరా!" అని అరిచి, పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. తప్పు చోట నవ్వుతున్నారని కుర్చీలవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

ట్రక్కు ఇరవై కిలోమీటర్లు పోయాక నోలా అడిగింది: "నువ్వెందుకు వస్తున్నావు? నీకూ కళ్ళు పోయాయా?"

"ఊరు పుట్టి నూరేళ్ళయిందట. శనివారం బొమ్మలతోట మళ్ళీ తెరుస్తున్నారు. పద్నాలుగేళ్ళు మూసి ఉంది కదా. మిషను నన్నే నడపమన్నాడు కోలిన్. కమిటీ వాడు."

"సంతోషంగా ఉండి ఉంటుందే నీకు."

"ఉంది," అంది థెల్మా. అబద్ధం కాదు. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఆవిడ రెండుసార్లు ముఖం కడుక్కుంది.

"ఊళ్ళో తీసిన మన బొమ్మలు కూడా వేస్తారా? గుర్రప్పందాలవీ?"

థెల్మా గేరు మార్చింది. అడుగుతుందని తెలుసు. అరవై కిలోమీటర్లలో అడగకుండా ఎలా ఉంటుంది?

ఆ ఊరి బొమ్మలు థెల్మా గొప్ప. గడియారంలా కీ ఇచ్చే చిన్న కెమెరాతో ఏటా ఆగస్టులో పందాల రోజున ఊరివాళ్ళని తీసేది. మాటలుండవు, నాలుగు నిమిషాల రీలు. శనివారం అసలు బొమ్మకి ముందు అది వేసేది. ఎవరి ముఖం వాళ్ళు తెర మీద పదడుగుల ఎత్తున చూసుకుని అరిచే అరుపులకి మేకలు బెదిరేవి. వచ్చే జనంలో సగం మంది దానికోసమే వచ్చేవాళ్ళు, తాడుకి రెండు వైపులా.

నోలాకి ఒక చెల్లెలుండేది. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. వాళ్ళవాళ్ళు ఈనాటికీ పలకరు. కొన్ని దేశాల్లో చావింట్లో అద్దాలకి గుడ్డ కప్పుతారు, మనం ఫొటోకి దండ వేసి గోడకి పెడతాం. ఈ నేలవాళ్ళు పోయినవాళ్ళ పేరునీ ముఖాన్నీ దాచేస్తారు. పేరు పిలిస్తే, ముఖం చూపిస్తే, వెళ్ళాల్సిన మనిషి వెళ్ళలేక వెనక్కి తిరిగి చూస్తుందట. ఎప్పుడు మళ్ళీ చూడవచ్చో ఇంటి పెద్దలు చెప్పాలి, ఇంకెవరూ చెప్పడానికి లేదు.

ఆ అమ్మాయి శనివారాలు అందరికన్నా ముందొచ్చేది. మేకల గేటులోంచి లోపలికొచ్చి, ఎవరూ చూడకుండా మిషను గదిలో దూరేది. సన్నటి వేళ్ళు. తెగిన ఫిల్ము అతికించడంలో థెల్మాకన్నా నేర్పరి. అరవై ఆరు ఆగస్టు పందాల రీలు ఒకసారి పుటుక్కుమంటే, "నేను చేస్తాను, నువ్వు చేస్తే కుట్టు కనబడుతుంది" అని లాక్కుని అతికించింది. జిగురు కొంచెం ఎక్కువైంది. అప్పటినుంచి ఆ చోటు మిషనులోంచి పోతుంటే టక్‌మని చప్పుడయ్యేది. సరిగ్గా ఆ అతుకు తర్వాత నాలుగు సెకన్లకి ఆమే తెర మీదికొచ్చేది. కంచె దగ్గర ఆడవాళ్ళ వరసలో, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కెమెరా కేసి చూసి నవ్వుతుంది. పదకొండు సెకన్లు.

మరుసటి ఏడు, రెండో కాన్పులో, ఆసుపత్రికి తీసుకెళ్ళే రైలు కోసం ఎదురుచూస్తూ పోయింది. బిడ్డా దక్కలేదు. మొదటి పిల్లవాడికి అప్పుడు రెండేళ్ళు.

నూరేళ్ళ పండక్కి తల్బారా వీధుల్లో జెండాలు కట్టి ఉంటారు. థెల్మాకి ఆ జెండాలు కనబడేలోపే చెప్పేయాలనుంది. ఆవిడ ట్రక్కుని రోడ్డు దిగి ఆపేసింది.

"నోలా, నీ ఒళ్ళో ఉన్నది కేకు కాదు."

"తెలుసు," అంది నోలా. "తుండుగుడ్డలోంచి ఆ ఫిల్ము జిగురు వాసన వస్తూనే ఉంది. మిషను గదిలోంచి వచ్చాక మా చెల్లి చేతులకి ఉండేది."

"అరవై ఆరుది."

నోలా డబ్బా మీంచి చేతులు తీసి గాల్లో పెట్టుకుంది, పెట్టుకునే చోటు తెలీనట్టు.

"కాల్చేశావనుకున్నానే."

"కాల్చలేకపోయాను. ఆ ముక్క కత్తిరించేద్దామని ఎన్నిసార్లు కత్తెర పట్టుకున్నానో. కత్తిరించాక ఆ ముక్కనేం చెయ్యాలి చెప్పు? చెత్తలో వెయ్యాలా? దుప్పట్ల పెట్టెలో అడుక్కి తోసి ఊరుకున్నాను. ఇప్పుడు కోలిన్ అన్ని రీళ్ళూ తెమ్మన్నాడు. తెచ్చాను. ఇస్తానో ఇవ్వనో నాకే తెలీదు."

"ఎందుకు వేశావా రోజు?" గొంతు పెంచలేదు నోలా. "అందరూ వేరు. వాళ్ళకి మేమంటే తెలీదు. నీ గదిలో కూచుని నీ టీ తాగింది అది. నీకేం తెలీదని? మా అమ్మని ఒక్క మాట అడగలేకపోయావా?"

థెల్మా దగ్గర ఆ ప్రశ్నకి ముప్పై ఒక్క ఏళ్ళుగా జవాబు సిద్ధంగా ఉంది. ఇప్పుడది నోట్లోంచి రావడానికి సిగ్గుపడింది.

"గౌరవం అనుకున్నాను. మా వాళ్ళలో ఎవరన్నా పోతే ఫొటో పెట్టి అందరం లేచి నిలబడతాం. నాకు దాని అంత్యక్రియలకి రావడానికి ధైర్యం చాల్లేదు, తాడు అవతల మనిషితో నాకు స్నేహమేంటని ఊరంతా అడుగుతుంది. అందుకని, కనీసం బొమ్మన్నా వేద్దామనుకున్నాను. అసలు బొమ్మకి ముందు. మీరంతా సంతోషిస్తారనుకున్నాను."

"రెండుసార్లు వేశావు."

"మీ అమ్మ అరుపు మొదట నాకు సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చూపించమంటున్నారనుకున్నాను."

ఆ రోజు తాడు అవతల లేచిన ఏడుపుకి ఖనిజం రైలు చప్పుడు కూడా చాల్లేదు. దుప్పట్లు వదిలేసి, ముఖాలకి చేతులు కప్పుకుని, అందరూ మేకల గేటులోంచి పోయారు. ఆ వారమే బస్తీ ఎత్తేసి ఎనభై మైళ్ళ అవతలికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఒక్కరూ బొమ్మలతోటకి రాలేదు. "విశ్వాసం లేని జనం, ఊరికే పఫ్‌లు కూడా పెట్టామే," అన్నాడు ఆల్ఫ్. రెండు వారాలు ఖాళీ నేలని చూసి చూసి, మూడో వారం థెల్మా వెళ్ళి తాడు విప్పేసింది.

నోలా డబ్బాని మళ్ళీ రెండు చేతులా పట్టుకుంది. వెనక అద్దంలోంచి క్లిఫ్టన్ తొంగి చూస్తున్నాడు, ఎందుకాగారని.

"వాడికి ముప్పై మూడు," అంది నోలా. "వాళ్ళమ్మ ముఖం తెలీదు వాడికి. ఉన్న రెండు ఫొటోలూ మా అమ్మ మట్టిలో పెట్టేసింది. వాడు చిన్నప్పుడు అడిగేవాడు, ఎలా ఉండేదని. నాలాగే ఉండేదిరా, నాకన్నా నిటారుగా అనేదాన్ని. ఇప్పుడడగడు."

"రీలు నీ దగ్గరే పెట్టుకో."

"పద," అంది నోలా.

బొమ్మలతోటకి కొత్తగా సున్నం కొట్టారు. కోలిన్ బాస్కోం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పశువుల మందుల కొట్టు నడిపే ఎర్రటి పెద్దమనిషి, చెడ్డవాడేం కాదు. తొందరగా సంతోషపడి, ఆ సంతోషంలో ఎదుటివాళ్ళని చూడని రకం.

"రావే మహారాణీ!" అని థెల్మాని వాటేసుకున్నాడు. "చూడు, నీ గురించి ఏం రాయించానో."

గోడకి ఆనించి నిగనిగలాడే ఇత్తడి పలక ఉంది. కోలిన్ గొంతు సవరించుకుని పైకి చదివాడు: "ఈ ప్రాంతంలోనే మొట్టమొదటిసారి, పందొమ్మిది వందల అరవై ఏడులో, నల్లవారికీ తెల్లవారికీ నడుమ ఉన్న తాడును తన చేతులతో విప్పిన శ్రీమతి థెల్మా పాస్కో గౌరవార్థం."

క్లిఫ్టన్ చెయ్యి పట్టుకుని వస్తున్న నోలా ఆగిపోయింది. ఆగి నవ్వింది. లోపల ఎక్కడో మొదలై, భుజాలు కదిలించి, చివరికి దగ్గులోకి దిగిన నవ్వు.

"బాగుంది," అంది. "బాగా రాశావు బాబూ."

"ఈవిడెవరు?" అన్నాడు కోలిన్.

"కోలిన్, ఆ పలక తీసెయ్," అంది థెల్మా. "నేను తాడు విప్పే నాటికి దానికి అవతల ఒక్క మనిషి లేడు. నావల్లే పోయారు. ఖాళీ నేలకి తాడెందుకని విప్పాను. మేకలు కాళ్ళకి తగిలించుకుంటున్నాయని కూడా."

"అదేంటి, పేపర్లో పడింది కదా అప్పుడు..."

"పడింది. నేను కాదనలేదు. అదీ నా తప్పే."

కోలిన్ ముఖం ఇంకాస్త ఎర్రబడింది. "సరే, మాటలు మారుద్దాం. రీళ్ళు తెచ్చావా? అరవై ఆరుది ముఖ్యం, అందులో అందరూ ఉన్నారట. మా నాన్న కూడా."

"అది ఇవ్వను."

"థెల్మా! డబ్బా మీద బొమ్మలతోట అని రాసుంటే అది ఊరిది. ముప్పై ఏళ్ళ నాటి సంగతి, ఇప్పుడది చరిత్ర."

"వీళ్ళకింకా కాలేదు," అంది థెల్మా. "అందులో ఒక ముఖం ఉంది, అది వీళ్ళది. వేయాలో వద్దో వీళ్ళు చెప్పాలి. అది లేకపోతే శనివారం మిషను దగ్గర నేను వద్దంటావా, వద్దనెయ్."

కోలిన్ నోలా కేసి చూశాడు, ఆవిడ చేతుల్లో తుండుగుడ్డ కేసి చూశాడు. "శనివారానికి ఇంకెవణ్ణి తేను?" అన్నాడు.

నోలాయే అడిగింది: "చిన్న మిషను ఉందా, ఇది ఆడేది?"

కమిటీవాళ్ళు దాన్ని తోట లోపలే, స్టేషను వైపున్న సరుకుల కొట్టంలో పెట్టి రీళ్ళు సరిచూసుకుంటున్నారు. కిటికీల్లేని రేకు కొట్టం, పట్టపగలు కూడా చీకటే. నలుగురూ అక్కడికి నడిచారు. గుమ్మం దగ్గర నోలా కోలిన్‌ని ఆపేసింది. "నువ్వు మీ నాన్నని ఇంకోసారి చూసుకుందువుగాని." అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత థెల్మా కేసి తిరిగింది.

"నువ్వు కూడా వద్దు. నువ్వు చాలాసార్లు చూశావు."

"నేను లేకపోతే మిషను ఎవరు..."

"వాడికి నేర్పు."

థెల్మా నేర్పింది. తెల్లగోడ కేసి దీపం తిప్పి, ఫిల్ము ఎక్కించి, పైనా కిందా వదులుగా ఒక్కో మెలిక ఎలా వదలాలో, గాబరాపడితే ఏ మీట నొక్కాలో, అయ్యాక వెనక్కి ఎలా చుట్టాలో చెప్పింది. తనదైన ఆ ఒక్క పనిని ఇంకొకరి చేతుల్లో పెట్టడం అంతకుముందు ఒక్కసారే చేసింది, ఈ కుర్రాడి తల్లికి. వేళ్ళు అచ్చం అవే. అనబోయి ఆగింది.

బయటికొచ్చి రేకు గోడకి వీపు ఆనించి నిలబడింది. రేకు వేడి జాకెట్టులోంచి చురుక్కుమంది.

లోపల మిషను మొదలైంది. వదులుగా, సరిగ్గానే ఎక్కించాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. గుర్రాలు బయల్దేరుతాయి. టోపీ ఎగిరిపోయిన పోలీసు. కోలిన్ వాళ్ళ నాన్న బుంగమూతి. తర్వాత, టక్.

నాలుగు. తర్వాత పదకొండు. అయిపోయింది. లోపల్నుంచి ఏడుపు వస్తుందని ఎదురుచూసింది థెల్మా. ఏమీ రాలేదు. రీలు చివరికొచ్చి తోక పటపటా కొట్టుకుంది. మీట పడింది.

"ఏరా?" అంది లోపల నోలా.

"చాలామంది ఉన్నారు పెద్దమ్మా. కంచె దగ్గర ఆడవాళ్ళే ఆరేడుగురు. ఎవరు?"

"నవ్వుతుందిరా. అది నవ్వుతుంది."

"అందరూ నవ్వుతున్నారు."

"నాకు వెలుగు తప్ప ఏం కనపడ్డంలేదురా," అంది నోలా. గొంతు రోడ్డు మీద వినిపించిన గొంతులా లేదు. "వస్తూ వస్తూ అనుకున్నాను, దాన్నైతే గుర్తుపడతానని. మళ్ళీ వెయ్."

వెనక్కి చుడుతున్న చప్పుడు. థెల్మా గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగింది. లోపలికెళ్ళి వేలు పెట్టి చూపించడమెంతసేపు? ఇదుగో ఇదీ మీ అమ్మ అని. అదే చేసింది ఆ రోజు, అడగకుండా, అందరి ముందూ. వద్దన్నారు ఇప్పుడు. వద్దని చెప్పడానికి వాళ్ళకి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.

వెనక్కి వచ్చి గోడ దగ్గర నిలబడింది. మిషను మళ్ళీ మొదలైంది. గుర్రాలు. పోలీసు. బుంగమూతి. థెల్మా గుప్పిట బిగించి రేకు దగ్గర పెట్టింది, ఆల్ఫ్ పెట్టినట్టు.

టక్.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

రేకు మీద మూడుసార్లు కొట్టింది. "ఇప్పుడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నది," అంది, రేకు గోడకేసే.

మిషను ఆగలేదు, తిరుగుతూనే ఉంది. పదకొండు సెకన్లు. ఆ తర్వాత క్లిఫ్టన్ గొంతు, "చూశాను," అని. ఇంకా తర్వాత, సన్నగా, నేలలోంచి వచ్చినట్టు, ముసలావిడ ఏడుపు. ఆ రోజు విన్న రాగమే. దానిలో ఏముందో, ఎవరికోసమో థెల్మాకి అర్థం కాలేదు. తెలుసుకునే హక్కు తనకుందనీ అనిపించలేదు.

రీలు చివరికొచ్చింది. వెనక్కి చుట్టారు. మూడోసారి మొదలైంది.

థెల్మా గోడ మీంచి వీపు తీసింది. ఎదురుగా పెద్ద గేటు దగ్గర కోలిన్ పలకని గుడ్డతో తుడుస్తూ నిలబడి ఉన్నాడు, ఏదో అడుగుదామని చెయ్యెత్తాడు. ఆవిడ అటు పోలేదు. తోటకి పక్కగా, మేకల దొడ్డి వైపు చిన్న గేటు ఇంకా ఉంది, గొళ్ళెం తుప్పు పట్టి. దాన్ని రెండు చేతులా ఎత్తి తీసి, తలొంచి అందులోంచి బయటికి నడిచింది. వెనక కొట్టంలో టక్‌మనడం వినిపించింది. ఆగలేదు.